బిందెడు నీళ్లు పోస్తే వెలిగే బల్బు

మా బోరు కాడ మోటారు కొట్టంలో ఒక నూరు వాట్ల బల్బు ఉండేది. వానలు పడే రోజుల్లో బాగా వెలిగేది. ఎండలు ముదిరేసరికి నిప్పుకణికలా ఎర్రగా, మసకగా అయిపోయేది. అప్పుడు మా నాయన బిందెడు నీళ్లు తెచ్చి, కొట్టం పక్కన నేలలో దిగ్గొట్టిన గడ్డపార ముక్క మొదట్లో పోసేవాడు. కాసేపటికి బల్బు తేరుకునేది. బల్బుకు ఒక తీగ ఫేజు (కరెంటు వచ్చే తీగ) నుంచి, రెండో తీగ ఆ గడ్డపార ముక్కకు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మా పొలం దాకా మూడు ఫేజులే వచ్చేవి, కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ తీగ లేదు. చుట్టుపక్కల బోర్లన్నిటి కాడా ఇదే పద్ధతి. చిన్నప్పటి నుంచి చూస్తున్నందువల్ల నాకది చెట్టుకు నీళ్లు పోసినంత మామూలు సంగతి.

మాది అనంతపురం జిల్లా. ఎర్రనేల, కొంత చీనీ తోట, కొంత వేరుశెనగ. ఆ రోజుల్లో సేద్యానికి కరెంటు రెండు విడతలుగా ఇచ్చేవాళ్లు, ఒక విడత రాత్రి. అర్ధరాత్రి కరెంటు వస్తే నాయన లేచి టార్చి పట్టుకుని పోయి మోటారు వేసి రావాలి. గోడకు ఇనుప స్టార్టర్ డబ్బా. దాని పచ్చ బటన్ను ఎవరూ వేలితో నొక్కరు. ఎండు కానుగ పుల్ల ఒకటి కొట్టం చూరులో దోపి ఉండేది, దాంతో నొక్కేవాళ్లు. ఎందుకంటే రాత్రిపూట ఆ డబ్బా షాక్ కొట్టేది. పగలు కొట్టదు. నాయన రెండు మూడు సార్లు చెప్తే లైన్‌మన్ వచ్చి చూశాడు. పగటిపూట వచ్చాడు, టెస్టర్ పెట్టాడు, వెలగలేదు. "డబ్బాలో ఏమీ లేదు, తడి చేత్తో ముట్టుకుని ఉంటావు" అని చెప్పి పోయాడు.

2011 వేసవిలో ఒక రాత్రి నాయన కొట్టంలో అడుగుపెట్టి కాలు జారి, పడిపోకుండా డబ్బాను పట్టుకున్నాడు. విసిరేసినట్టు వచ్చి గట్టు మీద పడ్డాడు. మోచెయ్యి విరిగింది. ఆయన బరువుకు చెయ్యి దానంతటదే ఊడిరావడం మా అదృష్టం. ఆ నెలలోనే నా పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఇంటర్ అన్నారు. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు అన్నాను. రెండేళ్ల కోర్సు. ఆ డబ్బా రాత్రి ఎందుకు కొడుతుంది, పగలు ఎందుకు కొట్టదు, అది తెలుసుకోవాలి. నా మనసులో ఇంకే లెక్కా లేదు.

మొదటి నెలల్లో కరెంటు దగ్గరికే రానివ్వలేదు. ఇనుప ముక్కను ఆకురాయితో చదును చేయడం, కటింగ్ ప్లేయర్ పట్టుకోవడం, తీగ మీద ప్లాస్టిక్ తొక్క మాత్రమే ఒలవడం, రాగికి గాటు పడకూడదు. తర్వాత జాయింట్లు: మ్యారీడ్ జాయింటు, బ్రిటానియా జాయింటు, వెస్టర్న్ యూనియన్ జాయింటు. నాకు విసుగొచ్చేది, రెండు తీగలు మెలిపెట్టి టేపు చుడితే పోయేదానికి ఇంత తతంగం దేనికని. ఒకరోజు మా సార్ నేను కట్టిన వదులు జాయింటు చేతికి తీసుకుని బోర్డు మీద లెక్క వేశారు. ఆ ముడి దగ్గర అర ఓము నిరోధం ఉందనుకో. దాంట్లోంచి పది ఆంపియర్లు పోతే? కరెంటును కరెంటుతో గుణించి, దాన్ని నిరోధంతో గుణిస్తే వేడి వస్తుంది. పది పదులు వంద, అందులో సగం యాభై. యాభై వాట్లు. "యాభై వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఎంత కాలుతుందో నీకు తెలుసు కదరా. అంత వేడి శనగ గింజంత చోట, గోడ లోపల, ఎవరికీ కనపడకుండా పుడుతుంది" అన్నారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేను జాయింటును టేపు చుట్టి వదిలేయలేదు, గట్టిగా లాగి చూడనిదే మూత పెట్టలేదు.

ఓమ్ సూత్రం చెప్పిన వారం నాకు బాగా గుర్తు. జర్మనీ ఆయన గేయార్గ్ ఓమ్ 1827లో అచ్చు వేయించిన సూత్రం. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు. పదో తరగతిలోనే బట్టీ పట్టాను, కాబట్టి వచ్చనుకున్నాను. సార్ నూరు వాట్ల బల్బు చేతికిచ్చి, మల్టీమీటరుతో నిరోధం కొలవమన్నారు. 39 ఓములు చూపించింది. 230ని 39తో భాగిస్తే దాదాపు ఆరు ఆంపియర్లు. వాట్లలోకి మారిస్తే 1300 దాటింది. బల్బు మీద మాత్రం 100 అని అచ్చేసి ఉంది. మీటరు చెడిపోయిందనుకుని ఇంకొకటి తెచ్చాను. అదీ 39. అప్పుడు సార్ బల్బును వెలిగించి, వరుసలో కరెంటు కొలిచే ఆమ్మీటరు పెట్టి చూడమన్నారు. 0.43 ఆంపియర్లు. 230ని దాంతో భాగిస్తే 535 ఓములు. అదే బల్బు, అదే ఫిలమెంటు.

తేడా అంతా వేడిది. చల్లగా ఉన్న టంగ్‌స్టన్ తీగ కరెంటును సులువుగా వదులుతుంది. తెల్లగా కాలినప్పుడు దాని నిరోధం పదమూడు, పద్నాలుగు రెట్లు పెరుగుతుంది. ఇంట్లో బల్బులు స్విచ్ వేసిన క్షణంలోనే ఎందుకు ఎక్కువగా మాడిపోతాయో అప్పుడు అర్థమైంది. చల్లటి తీగలోకి మొదటి రెప్పపాటులో ఎన్నో రెట్ల కరెంటు దూకుతుంది.

మరుసటి రోజు 40 వాట్ల బల్బునూ 100 వాట్ల బల్బునూ ఒకదాని వెంట ఒకటిగా, సిరీస్‌లో కలిపాం. ఏది ఎక్కువ వెలుగుతుందని అడిగితే క్లాసంతా నూరే అన్నాం. స్విచ్ వేస్తే నలభై వాట్లది ధగధగా వెలుగుతోంది, నూరు వాట్లది తీగ కూడా సరిగ్గా ఎర్రబడలేదు. సిరీస్‌లో ఇద్దరికీ ఒకే కరెంటు. నిరోధం ఎవరికెక్కువో వోల్టేజిలో పెద్ద వాటా వాళ్లదే. నలభై వాట్ల బల్బు నిరోధం ఎక్కువ, అందుకని వోల్టులన్నీ అదే లాక్కుంది. ఈ ముక్క నోట్సులో ఎర్ర సిరాతో రాసుకున్నాను. అది మా ఇంటి గుట్టు విప్పుతుందని అప్పటికి తెలియదు.

ఆ సంవత్సరం చలికాలం దాటాక ఎర్తింగ్ (ఇనుప డబ్బాల్లాంటివాటిని తీగతో భూమికి కలపడం) పాఠం వచ్చింది. సార్ వచ్చీ రాగానే, "భూమిలోకి పోయిన కరెంటు ఎక్కడికి పోతుంది రా?" అని అడిగారు. భూమి మింగేస్తుంది సార్ అన్నాం, అందరం ఒకే గొంతుతో. ఆయన తల అడ్డంగా ఊపి, కిటికీలోంచి కాంపౌండు గోడ అవతల ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ను చూపించారు. "అది ఎక్కడ బయల్దేరిందో అక్కడికే తిరిగి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో మూడు ఫేజులూ కలిసే న్యూట్రల్ చుక్క ఉంది కదా, దాన్ని అక్కడే భూమికి కలిపి ఉంచారు. ఇక్కడ నేలలో దిగిన కరెంటు మట్టిలోంచి నడుచుకుంటూ ఆ ట్రాన్స్‌ఫార్మర్ కిందికి చేరి, తీగ పట్టుకుని పైకెక్కుతుంది. భూమి అంటే బావి కాదు రా, ఇంకో తీగ. మంచి నేల అయితే లావు తీగ, ఎండిన నేల అయితే సన్న తీగ."

తర్వాత మమ్మల్ని వర్క్‌షాపు వెనక ఖాళీ జాగాకు తీసుకెళ్లారు. అక్కడ అడుగు లోతు దిగేలా ఒక ఇనుప రాడ్డు కొట్టించి, చుట్టూ చాలా దూరంలో తాడు కట్టించారు. తాడు లోపలికి ఎవరూ రాకూడదు. రాడ్డులోకి కరెంటు దిగుతున్నప్పుడు చుట్టూ నేల మీద కూడా వోల్టేజి పరుచుకుంటుంది, రాడ్డు దగ్గర ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. రెండు కాళ్లూ ఎడంగా పెట్టి నిలబడితే ఆ తేడా ఒంట్లోంచి పోతుంది. వానలో కరెంటు స్తంభం కాడ గొడ్లు పడి చచ్చిపోతాయే, మనిషి బతికిన చోట కూడా, దానికి కారణం ఇదే. ముందుకాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య ఎడం మనకంటే ఎక్కువ, పైగా ఆ దారి గుండె మీదుగా పోతుంది. ఇది చదివే కుర్రవాళ్లకు చెప్తున్నాను, ఈ ప్రయోగం ఇంటి దగ్గర చేయకండి. సార్ ఎంత జాగ్రత్త తీసుకున్నారో నేను చూశాను.

ఫేజు తీగను ఒక నూరు వాట్ల బల్బు గుండా ఆ రాడ్డుకు కలిపారు. స్విచ్ వేశారు. బల్బు ఎర్రగా, మసకగా, నిప్పుకణికలా వెలిగింది.

నా గుండె ఆగినంత పనైంది. అది మా కొట్టంలో బల్బు. అదే రంగు.

వోల్టుమీటరు తీగలు ముందే బిగించి ఉన్నాయి. బల్బు రెండు కొసల మధ్య 70 వోల్టులు కూడా లేవు. రాడ్డుకూ దూరంగా పాతిన ఇంకో మేకుకూ మధ్య దాదాపు 160. మొన్నటి నలభై, నూరు బల్బుల కథే ఇది. ఎండునేల సిరీస్‌లో ఉన్న రెండో బల్బు లాంటిది. దాని నిరోధం ఎక్కువ, వోల్టుల్లో పెద్ద వాటా అదే లాక్కుంది. కరెంటు తీసేసి రాడ్డు మొదట్లో ఉప్పు కలిపిన నీళ్లు పోయించారు సార్. మళ్లీ స్విచ్ వేస్తే బల్బు వెలుగు పెద్దదైంది, రాడ్డు మీద వోల్టేజి పడిపోయింది. నాయన బిందె కళ్లముందు కదిలింది.

ఇంకో సంగతి ఆ వెంటనే తట్టింది. మా స్టార్టర్ డబ్బా ఎర్త్ తీగ. సన్నటి జీఐ (జింకు పూత పూసిన ఇనుము) తీగ ఒకటి డబ్బా అడుగు నుంచి గోడ వెంబడి దిగి, బయటికొచ్చి, ఆ గడ్డపార ముక్కకే చుట్టి ఉంటుంది. డబ్బా, గడ్డపార రెండూ ఒకటే. గడ్డపార మీద నూరు, నూటాభై వోల్టులు ఉంటే డబ్బా మీదా అంతే ఉంటుంది. బల్బు వేసినప్పుడే ఉంటుంది. బల్బు రాత్రే వేస్తారు. లైన్‌మన్ పగలు వచ్చాడు, బల్బు ఆపేసి ఉంది, టెస్టర్ ఎందుకు వెలుగుతుంది? పాపం ఆయనదీ తప్పు కాదు. షాక్ రాకూడదని వేసిన ఎర్త్ తీగే ఇన్నేళ్లూ షాక్‌ను మోసుకొచ్చి డబ్బాకు అందించింది.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. "నాయనా, బల్బు వేసి ఉన్నప్పుడు డబ్బాను ముట్టుకోవాకు" అన్నాను. "మాకు తెల్దా అబ్బీ, అందుకే కదా పుల్ల పెట్టుకుండేది" అన్నాడు. పుల్ల ఎందుకో ఆయనకు తెలుసు, కొట్టేది బల్బు అని తెలియదు. బల్బు తీసేయమంటే చీకట్లో పాములుంటాయి అన్నాడు. అదీ నిజమే.

సార్‌కు బొమ్మ గీసి చూపించాను. చాలాసేపు చూశారు. వచ్చే ఆదివారం నేల నిరోధం కొలిచే ఎర్త్ టెస్టర్ పట్టుకుని తానే బండి మీద వస్తానన్నారు, వచ్చారు కూడా. ఆ మేలు నేను మరిచిపోలేను.

లైన్‌మన్ను బతిమాలి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైను తెంచే ఏబీ స్విచ్ దింపించాం. డబ్బా మూత తీసి, మూడు ఫేజుల మీదా టెస్ట్ ల్యాంపు పెట్టి కరెంటు లేదని చూసుకున్నాకే చెయ్యి పెట్టాం. కెపాసిటర్‌ను కూడా ల్యాంపుతో ఖాళీ చేశాం. లైను ఆపినా అది కాసేపు కరెంటు దాచుకుంటుంది. గడ్డపార ముక్క నుంచి తీగలన్నీ ఊడదీసి, ఎర్త్ టెస్టర్ ఒక కొస దానికి కలిపి, పాతిక మీటర్ల దూరాన ఒక మేకు, యాభై మీటర్ల దూరాన ఇంకో మేకు దిగ్గొట్టి హ్యాండిల్ తిప్పాను. ముల్లు 400 ఓముల దగ్గర నిలిచింది.

నోట్సు తెరిచి గట్టు మీదే లెక్క వేశాను. బల్బు గుండా 0.29 ఆంపియర్లు, దాన్ని 400తో గుణిస్తే 116 వోల్టులు. తడి చేతులతో, ఒట్టి కాళ్లతో ఉన్న మనిషి ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకుంటే నూరు మిల్లీ ఆంపియర్లకు పైన. పది దాటితేనే పిడికిలి బిగుసుకుపోయి వదిలించుకోలేం. ఆ అంకెను నాయనకు చూపించలేదు.

సార్ ఇంకో లెక్క వేయమన్నారు. బల్బు సంగతి పక్కన పెట్టు, నిజంగానే ఒక ఫేజు తీగ తొక్క ఒరుసుకుని డబ్బాకు తగిలిందనుకో, ఈ ఎర్త్ ఏం చేస్తుంది? 230ని 400తో భాగిస్తే అర ఆంపియరు చిల్లర. పదిహేను ఆంపియర్ల ఫ్యూజు దాన్ని లెక్కే చేయదు. డబ్బా మొత్తం 230 వోల్టులతో అలాగే నిలబడి ఉంటుంది, చూడ్డానికి ఎర్త్ తీగ ఉంటుంది. ఎర్త్ ఉందా అని అడిగితే అందరూ తీగను చూపిస్తారు. ఎన్ని ఓములు అని అడగాలి.

మరుసటి నెలలో నేనూ, నాయనా, చిన్నాయనా కలిసి గుంత తవ్వాం. టౌన్ నుంచి 40 మిల్లీమీటర్ల జీఐ పైపు, రెండున్నర మీటర్ల పొడవుది తెచ్చాం. దానికి అక్కడక్కడా రంధ్రాలు వేయించాం. ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు, మళ్లీ బొగ్గు, చుట్టూ కూరుతూ పైదాకా. పైపు నెత్తిన గరాటు, చుట్టూ ఇటుకల తొట్టి, పైన మూత. ఎర్రనేల గట్టిగా ఉండి రెండు రోజులు పట్టింది. కొలిస్తే 18 ఓములు. ఐదు మీటర్ల అవతల రెండోది కూడా వేసి రెంటినీ కలిపితే 10కి దిగింది. 400 ఎక్కడ, 10 ఎక్కడ. అయినా దాపరికం లేకుండా చెప్పాలి, 10 ఓములతో కూడా పారేది 23 ఆంపియర్లకు లోపే. అంతమాత్రానికి ఆ ఫ్యూజు వెంటనే ఎగిరిపోతుందని నమ్మకం లేదు. అందుకే ఇనుప డబ్బా తీసేసి ఫైబర్ డబ్బా పెట్టించాం. అప్రెంటిస్‌గా మొదటి స్టైపెండు వచ్చినప్పుడు స్టార్టర్‌కు ముందు ఆర్‌సీసీబీ కొనిపెట్టాను. పోయిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరితూగకపోతే అది దానంతటదే పడిపోతుంది. ఇళ్లలో వాడేది 30 మిల్లీ ఆంపియర్లది. పొడవాటి కేబులున్న బోరు మోటారుకు అది ఊరికే పడిపోతుంటుందని సార్ నూరుది చెప్పారు.

మిగిలింది బల్బు. న్యూట్రల్ తీగ లేదు, ఎర్త్‌ను ఇక ముట్టుకోకూడదు. ఎర్ర సిరాతో రాసుకున్న పేజీ ఇక్కడ పనికొచ్చింది. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు. ఒకే వాట్ల బల్బులు రెండు సిరీస్‌లో వేస్తే తలా 200. ఒకటి నలభై, ఒకటి నూరు వేస్తే నలభైది మాడిపోతుంది, కాబట్టి రెండూ అరవై వాట్లవే తెచ్చాను. రెండు వైపులా ఫేజే కనుక రెండు తీగలనూ ఒకేసారి తెంచే డబుల్ పోల్ స్విచ్ పెట్టాను. ఒకటి మాడితే రెండూ ఆరిపోతాయి, హోల్డర్లో చెయ్యి పెట్టే ముందు స్విచ్ దించాలి అని నాయనకు మూడు సార్లు చెప్పాను.

ఆ రాత్రి ఒంటిగంటకు కరెంటు వచ్చింది. ఇద్దరం పోయాం. స్విచ్ వేస్తే కొట్టంలో రెండు బల్బులూ సమానంగా వెలిగాయి, ఒకటి వాకిట్లో, ఒకటి లోపల. మల్టీమీటరు ఒక కొస ఎర్త్ తీగకు, ఇంకో కొస దూరంగా పాతిన మేకుకు పెట్టి చూశాను. సున్నా. నాయన కానుగ పుల్లతోనే పచ్చ బటన్ నొక్కాడు. నేను వద్దనలేదు. మోటారు అందుకుంది, కాసేపటికి కాలువలో నీళ్ల చప్పుడు వినిపించింది.

పొద్దున లేచేసరికి నాయన బిందె భుజాన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఇప్పుడు నీళ్లు యాడ పోయల్ల అబ్బీ?" అని అడిగాడు. మూత తీసి గరాటు చూపించాను.